తాళంచెవి ఎవరి కొంగున ఉంది?

(పెద్దమండ్యంలో పొదుపు సంఘాల సభ్యులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల కోసం జరిగిన ఒకరోజు శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి నన్ను పిలిచినప్పుడు పాస్‌వర్డుల గురించి మాట్లాడమన్నారు. పాస్‌వర్డు, పిన్ను, ఓటీపీ అనే మాటలు వింటే ఇదేదో కంప్యూటర్ చదువుకున్న పట్నం పిల్లల వ్యవహారం, మన హక్కులతో దీనికేం సంబంధం అనిపించవచ్చు. మొదట నాకూ అలాగే అనిపించింది. అయితే ఈ పొద్దున సమావేశం మొదలుకాక ముందు ఇక్కడే అరుగు మీద కూర్చొని ఉండగా ఒక అక్క అన్న మాట విన్నాను. "ఆ నంబర్లన్నీ నాకెందుకక్కా, కార్డు పిన్ను మా ఆయప్పకు తెలుసు గదా, చాలదా?" అన్నది. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాటను పక్కన పెట్టలేకపోయాను. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ అక్కకు ఇచ్చే జవాబే అనుకోండి.

మన అమ్మల కాలం నుండి మొదలుపెడదాం. బ్యాంకులోనైనా, రిజిస్ట్రారు ఆఫీసులోనైనా, మన అమ్మలు వేలిముద్ర వేశారు. ఏ కాగితం మీద వేస్తున్నారో చాలామందికి తెలియదు. పక్కన నిలబడ్డ మగవాడు బొటనవేలు పట్టుకొని సిరా అంటించి నొక్కేవాడు. భూములు పోయింది అట్లాగే, అప్పులు నెత్తిన పడిందీ అట్లాగే. అక్షరాస్యతా ఉద్యమం వచ్చినప్పుడు నెల్లూరు జిల్లాలో రాత్రిబడులకు వెళ్ళిన ఆడవాళ్ళు సంతకం నేర్చుకోవటంతో ఆగలేదు. 1992లో దూబగుంటలో సారా అంగడిని మూయించే దాకా పోయారు. ఆ ఉద్యమం వెనుకనే పొదుపు సంఘాలు ఊరూరా వచ్చాయి. బ్యాంకు మెట్లు ఎక్కని ఆడవాళ్ళు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చొని తమ చేత్తో తాము సంతకం పెట్టారు. అది చిన్న విషయం కాదు.

1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. మూడోవంతు స్థానాల్లో స్త్రీలు సర్పంచులయ్యారు. అప్పుడు ఏం జరిగింది? చెక్కుబుక్కు మీద ఆమె సంతకాలు ముందే పెట్టించి, ఆ పుస్తకాన్ని భర్త జేబులో పెట్టుకు తిరగటం మనం ఎన్ని ఊర్లలో చూడలేదు? సంతకం ఆమెదే, చెక్కూ ఆమె పేరుదే, అధికారం మాత్రం ఆయనది. మనం దాని మీద ఎన్నో సభలు పెట్టుకున్నాం. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దని ఊరూరా తిరిగి చెప్పుకున్నాం.

మరి ఈ రోజు సంతకం ఎక్కడుంది? బ్యాంకు డబ్బు తీయటానికి పిన్ను, ఫోనులో డబ్బు పంపటానికి పిన్ను, ఏదైనా మార్చటానికి ఓటీపీ. ఈ అంకెలే మన ఇప్పటి సంతకం. మన పిన్నును ఇంకొకరి చేతికి ఇచ్చేయటం, ఖాళీ చెక్కుబుక్కు మీద వరసగా సంతకాలు పెట్టి ఇచ్చేయటంతో సమానం. ముప్పై ఏళ్ళు పోరాడి సంతకం దాకా వచ్చి, సంతకం రూపం మారగానే మళ్ళీ బొటనవేలు పక్కవాడికి అప్పగిస్తే ఎట్లా?

ఫోనే చేతిలో లేనివాళ్ళు మనలో ఇంకా చాలామంది ఉన్నారు. 2019-21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతం అని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు 21 శాతం, అంటే ఐదుగురిలో ఒకరు. ఆ తర్వాత పరిస్థితి కొంత మారి ఉంటుంది. కానీ ఇంట్లో ఒకే మంచి ఫోను ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మనకు తెలియనిది కాదు.

చట్టం ఏమంటుందో ఇప్పుడు చూద్దాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, వ్యక్తిగత గోప్యత మన ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ హక్కు ఇంటి గడప దగ్గర ఆగిపోతుందా, భర్త ముందు భార్యకు గోప్యత ఉండదా అన్నది మన ప్రశ్న. ఈ ప్రశ్న మన దగ్గర అంతకు ముందే వచ్చింది. భార్య ఫోను సంభాషణలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి విడాకుల కేసులో సాక్ష్యంగా పెట్టిన ఒక భర్త విషయంలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు 2008లో లా రిపోర్టుల్లోకి ఎక్కింది. భార్యాభర్తలైనా సరే అది గోప్యతను ఉల్లంఘించటమేనని, ఆ రికార్డింగులు చెల్లవని ఆ తీర్పు చెప్పింది.

2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. విడాకులు కోరిన భర్త, భార్య ఫోను కాల్స్ వివరాలు తెప్పించమని అడిగాడు. కోర్టు కాదంది. పెళ్ళి చేసుకున్నంత మాత్రాన భార్య వ్యక్తిగత విషయాలన్నిటి మీదా భర్తకు అధికారం రాదని, ఫోను పాస్‌వర్డు గానీ, బ్యాంకు ఖాతా పాస్‌వర్డు గానీ చెప్పి తీరాలని ఆమెను బలవంతపెట్టడానికి వీల్లేదని, అలా చేస్తే అది గోప్యతా హక్కుకు భంగమని, గృహహింస కూడా కావచ్చునని చెప్పింది. ఈ తీర్పును మీ సంఘాల సమావేశాల్లో చదివి వినిపించండి. "పాస్‌వర్డు చెప్పకపోతే నువ్వేం పెళ్ళానివి" అనే మాట మనందరం వింటున్నాం. ఆ మాటకు ఒక హైకోర్టు ఇచ్చిన సమాధానం ఇది.

అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. సరిగ్గా అదే నెలలో, 2025 జూలై 14న, సుప్రీంకోర్టు వేరే కేసులో, భార్యాభర్తలు ఒకరి మాటలు ఒకరు రహస్యంగా రికార్డు చేసినా, వాళ్ళ మధ్య నడిచే కేసులో దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చారంటే ఆ సంసారంలో నమ్మకం అప్పటికే పోయిందన్నట్టే అనేది కోర్టు తర్కం. ఈ తీర్పు కొందరు స్త్రీలకు మేలు చేయవచ్చు. నాలుగు గోడల మధ్య జరిగే హింసకు సాక్ష్యం దొరకని వాళ్ళకు ఆ రికార్డింగే ఆధారం అవుతుంది. కానీ ఇంట్లో ఎవరి చేతిలో ఎవరి ఫోను ఉందో ఆలోచిస్తే, ఈ తీర్పు ఎటువైపు ఎక్కువగా పనిచేస్తుందో అని భయం కలుగుతుంది. కోర్టులు ఒకసారి ఇటు, ఒకసారి అటు మాట్లాడుతున్నప్పుడు మన తాళం మన దగ్గర ఉండటం మరింత అవసరం.

మిగతా చట్టాలు క్లుప్తంగా చెబుతాను. ఒకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే సమాచార సాంకేతిక చట్టం 66-సి సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఒక స్త్రీ ఇంటర్నెట్‌లో, ఈ-మెయిల్‌లో ఏం చేస్తోందో వెంటబడి కనిపెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. 2024 జూలై 1కి ముందు ఇది పాత శిక్షాస్మృతిలో 354-డి. ఇక 2005 నాటి గృహహింస చట్టంలో ఆర్థిక హింస కూడా హింసే. ఆమె డబ్బు ఆమెకు అందకుండా చేయటం దాని కిందికి వస్తుంది. ఏటీఎం కార్డు, ఫోను లాక్కొని పెట్టుకోవటాన్ని ఫిర్యాదులో రాయటం మన కార్యకర్తలు మరిచిపోతుంటారు. దెబ్బలు రాస్తారు, కార్డు సంగతి రాయరు. ఇకనుండి అదీ రాయండి.

ఇక్కడ ఒక మాట తప్పకుండా వస్తుంది. "మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికమేమిటి? ఇది సంసారాలు కూల్చే మాట" అంటారు. నేను అడిగేది ఒకటే. ఆయన పిన్ను ఆమెకు తెలుసా? ఆయన జీతం ఎంతో, ఆయన ఫోనులో ఏముందో ఆమె చూస్తానంటే ఒప్పుకుంటాడా? ఇద్దరివీ ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ ఇష్టపడి అలా పెట్టుకుంటే అది వాళ్ళిష్టం. ఒకరివే ఇంకొకరికి తెలియాలంటే దాన్ని నమ్మకం అనరు, కాపలా అంటారు. పూర్వం అత్తలు ఇంటి తాళంచెవుల గుత్తి కొంగుకు కట్టుకొని తిరిగేవారు. ఆ గుత్తి ఎవరి కొంగున ఉంటే ఇల్లు వాళ్ళదని కోడళ్ళందరికీ తెలుసు.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. పాస్‌వర్డు ఎట్లా పెట్టుకోవాలి?

కంప్యూటర్ల కోసం పాస్‌వర్డు వాడటం 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థలో మొదలైంది. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకోవాల్సి రావటంతో ఎవరి కాగితాలు వాళ్ళకే ఉండేట్టు ఈ ఏర్పాటు చేశారు. తాళం పుట్టిందే ఒకే వస్తువును నలుగురు వాడుకోవాల్సి వచ్చినప్పుడు. ఇంటికొక ఫోను ఉన్న మనకు ఇది బాగా అర్థమవుతుంది.

పాస్‌వర్డు గురించి పుస్తకాల్లో రాసే సలహాలన్నీ ఎక్కడో ఉన్న దొంగను దృష్టిలో పెట్టుకొని రాసినవి. ఆడవాళ్ళ సంగతి వేరు. మన పిన్ను కనుక్కోవాలనుకునే వాడు చాలాసార్లు మన ఇంట్లోనో, పక్కింట్లోనో, మన ఆఫీసులోనో ఉంటాడు. ఈ తేడా ఎంత పెద్దదో లెక్కవేసి చూద్దాం. నాలుగంకెల పిన్నులు మొత్తం పదివేలు ఉంటాయి. ముక్కూ మొహం తెలియనివాడు మన కార్డు దొంగిలించి గుడ్డిగా కొట్టి చూస్తే, సాధారణంగా మూడు తప్పులకు కార్డు ఆగిపోతుంది కాబట్టి, వాడికి పదివేలలో మూడు అవకాశాలే. కానీ మనం పుట్టిన ఏడు పెట్టుకున్నామనుకోండి, చూడాల్సినవి వంద లోపే. పుట్టిన తేదీ, నెల పెట్టుకుంటే 366. ఇంట్లోవాడికి మన పుట్టినరోజు, పెళ్ళిరోజు, పిల్లల పుట్టినరోజులు తెలుసు. వాడికి మూడు అవకాశాలు చాలు. అందుకని మొదటి నియమం: మన గురించి తెలిసిన వాళ్ళకు తెలిసిన అంకె ఏదీ పిన్నుగా వద్దు. బండి నంబరు, ఫోను నంబరులోని చివరి అంకెలు, 1234, నాలుగు సున్నాలు, ఇవేవీ వద్దు.

పొడుగు పాస్‌వర్డుల్లోనూ ఇంతే. కొడుకు పేరు రాసి పక్కన 123 పెట్టడం మనందరి అలవాటు. దేవుడి పేరు, అభిమాన హీరో పేరు, ఊరి పేరు కూడా అంతే. సామెతలు, పాట పల్లవులు పొడుగ్గా ఉంటాయి గానీ అందరికీ తెలిసినవే కదా.

మరి గుర్తుండేదీ, ఎవరికీ తట్టనిదీ ఎట్లా? ఒక ఉపాయం చెబుతాను. ఏదైనా పుస్తకం తీసుకోండి. కళ్ళు మూసుకొని పేజీ తిప్పి వేలు పెట్టండి. వేలి కింద ఉన్న మాట రాసుకోండి. అట్లా నాలుగుసార్లు చేయండి. రోలు, మిడత, ఉత్తరం, గొడుగు అని వచ్చాయనుకోండి. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అదే వాటి బలం. మిడత రోలు మీద కూర్చొని గొడుగు వేసుకొని ఉత్తరం చదువుతోందని ఒక బొమ్మ మనసులో గీసుకుంటే జన్మలో మరిచిపోరు. ఆ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొట్టండి. పెద్దక్షరం, అంకె, గుర్తు కావాలని అడిగితే మధ్యలో చేర్చండి. వెయ్యి మాటల్లోంచి గుడ్డిగా నాలుగు తీస్తే లక్ష కోట్ల రకాలు వస్తాయి. ముఖ్యమైన సంగతి, మాటల్ని మనం ఎంచుకోకూడదు. మనం ఎంచుకుంటే మళ్ళీ మన పిల్లలు, మన దేవుళ్ళు, మన ఊరే వస్తాయి. ఇప్పుడు నేను చెప్పిన నాలుగు మాటలూ ఎవరూ పెట్టుకోకండి, ఈ హాలులో అందరికీ తెలిసిపోయాయి.

మూడు నెలలకొకసారి పాస్‌వర్డు మార్చమని ఆఫీసుల్లో చెబుతుంటారు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 2003లో ఇచ్చిన సలహాలతో ఈ పద్ధతి బాగా పాకింది. అలా మార్చమంటే జనం చేసేదేమిటి? చివర 1 తీసి 2 పెడతారు. 2017లో ఆ సంస్థే ఆ నియమాన్ని ఎత్తివేసింది. ఆ సలహాలు రాసిన అధికారి కూడా తాను రాసినదానికి చింతిస్తున్నానని చెప్పుకున్నాడు. కాబట్టి ఊరికే మార్చనక్కర్లేదు. ఎవరికైనా తెలిసిందని అనుమానం వచ్చినప్పుడు, ఎవరైనా సంస్థ వదిలి వెళ్ళినప్పుడు, ఫోను పోయినప్పుడు, ఇంట్లో గొడవ మొదలైనప్పుడు వెంటనే మార్చాలి.

అన్నిటికీ ఒకే పాస్‌వర్డు పెట్టొద్దు. ఒక అంగడివాడి దగ్గర పెట్టిన పాస్‌వర్డు బయటపడితే దానితో మన మెయిలు, మన బ్యాంకు కూడా తెరుచుకుంటాయి. ఇన్ని గుర్తుండవంటారు. నిజమే. పాస్‌వర్డులు దాచిపెట్టే యాప్‌లు ఉన్నాయి, ఒక్క పెద్ద పాస్‌వర్డు గుర్తుంటే చాలు. సొంత ఫోను ఉన్నవాళ్ళు అవి నేర్చుకోవచ్చు. లేనివాళ్ళు పుస్తకంలో రాసుకున్నా తప్పులేదు. అయితే ఏది దేనిదో రాయొద్దు, పూర్తిగా రాయొద్దు, ఒక ముక్క మీ మనసులో ఉంచుకోండి. పుస్తకం ఇంట్లో క్షేమం కాదనుకుంటే అమ్మగారింట్లోనో, నమ్మిన స్నేహితురాలి దగ్గరో ఉంచండి. కార్డు కవరు మీద, ఫోను వెనుక మాత్రం రాయకండి.

అన్నిటికంటే గట్టి తాళం ఈ-మెయిల్‌కు వేయాలి. ఎందుకంటే మిగతా వాటి పాస్‌వర్డు మరిచిపోయామంటే కొత్తది పెట్టుకునే దారి మెయిలు ద్వారానే వస్తుంది. "మీరు పుట్టిన ఊరు ఏది, మీ మొదటి బడి ఏది" అని కొన్నిచోట్ల ప్రశ్నలు అడుగుతారు. వాటికి నిజం చెప్పాలని ఎవరూ అనలేదు. పుట్టింది పెద్దమండ్యం అయితే ఇంకేదైనా రాయండి, రాసింది గుర్తుపెట్టుకోండి. మీ పుట్టినూరు మీ అత్తగారింట్లో అందరికీ తెలుసు.

ఇప్పుడు సిమ్‌కార్డు సంగతి. మన చుట్టుపక్కల ఇదే పెద్ద చిక్కు. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో వాళ్ళే ఖాతాకు యజమాని. చాలామంది ఆడవాళ్ళ సిమ్ములు భర్త పేరు మీదనో, కొడుకు పేరు మీదనో ఉన్నాయి. బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు కూడా ఆయనదే. పాస్‌వర్డు ఎంత బాగా పెట్టుకున్నా, ఆయన "మరిచిపోయాను" అని నొక్కితే కొత్త పాస్‌వర్డు ఆయనకే వస్తుంది. రాయచోటి, రాజంపేట వైపు నుండి, మన మండలాల నుండి కూడా ఇళ్ళల్లో పనికి కువైటు వెళ్ళే ఆడవాళ్ళున్నారు. పోయేటప్పుడు ఇక్కడి సిమ్మును ఇంట్లో ఇచ్చి పోతారు. ఆమె అక్కడ ఒకరి ఇంట్లో రాత్రింబవళ్ళు చాకిరీ చేసి పంపిన డబ్బు ఆమె ఖాతాలోనే పడుతుంది. తీసేది మాత్రం సిమ్ము ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు. తిరిగొచ్చి పాసుపుస్తకం చూసుకున్నప్పుడు ఏడ్చే ఏడుపు మనలో కొందరు విన్నారు. వెళ్ళేవాళ్ళకు ముందే చెప్పండి: సిమ్ము వెంట తీసుకుపోండి, విదేశంలో సందేశాలు వచ్చే ఏర్పాటు చేయించుకోండి, కుదరకపోతే డబ్బు పంపే ఖాతా ఏదో, నంబరు ఎవరిదో ముందే తేల్చుకోండి.

కాబట్టి సంఘాల్లో చేయాల్సిన మొదటి పని, సభ్యులందరికీ తమ పేరు మీద తమ సిమ్ము. తర్వాత బ్యాంకుకు వెళ్ళి ఆ నంబరు ఖాతాకు చేర్పించటం. మన పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కేంద్ర ప్రభుత్వం వారి సంచార్ సాథీలో చూసుకోవచ్చు, మనకు తెలియనివి ఉంటే అక్కడే చెప్పవచ్చు. వాట్సాప్ సెట్టింగుల్లో రెండంచెల తాళం ఉంది, ఆరంకెల పిన్ను పెట్టుకోండి. అక్కడే "లింక్ చేసిన పరికరాలు" అని ఉంటుంది. మీకు తెలియని కంప్యూటర్ అందులో కనిపిస్తే మీ సందేశాలు ఇంకెవరో చదువుతున్నారన్నమాట. వెంటనే తీసేయండి.

బయటి మోసగాళ్ళ గురించి రెండు మాటలు. ఫోనులో డబ్బు పంపటానికే పిన్ను కొట్టాలి, డబ్బు రావటానికి ఏ పిన్నూ కొట్టనక్కర్లేదు. "పథకం డబ్బు పడుతుంది, పిన్ను కొట్టండమ్మా" అన్నాడంటే వాడు దొంగ. బ్యాంకువాళ్ళు ఓటీపీ అడగరు. మోసపోతే సిగ్గుపడి ఇంట్లో దాచకండి. వెంటనే 1930కి ఫోను చేయండి, బ్యాంకుకు చెప్పండి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మనది కాదు. మనమే పిన్ను చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనది, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే. ఇది గుర్తుంచుకోండి, "నీదే తప్పు పోమ్మా" అని పంపించేస్తే ఊరుకోకండి.

వేలిముద్ర దగ్గరకు మళ్ళీ వద్దాం. ఇప్పుడు వేలిముద్రతోనే డబ్బు తీస్తున్నారు, ఫోనూ తెరుస్తున్నారు. 2018లో తెలంగాణలో సిమ్‌కార్డుల వ్యాపారం చేసే ఒకడిని పోలీసులు పట్టుకున్నారు. వాడు భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను ఇంటర్నెట్‌లోంచి దించుకొని, నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో వేలకొద్దీ సిమ్ములు తెరిచాడు. పాస్‌వర్డు దొంగలకు దొరికితే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం కదా. ఆధార్ వేలిముద్రకు తాళం వేసే సౌకర్యం ఉంది, ఆధార్ యాప్‌లో గానీ వెబ్‌సైటులో గానీ వేసుకోవచ్చు, కావాల్సినప్పుడు తీసుకోవచ్చు. పింఛను, రేషను వేలిముద్రతో తీసుకునేవాళ్ళు అది ఆలోచించి చేయండి. ఇక ఫోను వేలిముద్రతో తెరుచుకునేట్టు పెట్టుకుంటే, మనం నిద్రపోతున్నప్పుడు వేలు పట్టి తెరవటం ఎంతసేపు? ఇంట్లో భయం ఉన్నవాళ్ళు అంకెల పిన్నే పెట్టుకోవటం మంచిది.

ఇప్పుడు కార్యకర్తలందరూ జాగ్రత్తగా వినాల్సిన విషయం. హింస జరుగుతున్న ఇంటి నుండి వచ్చిన స్త్రీకి "వెంటనే పాస్‌వర్డులన్నీ మార్చెయ్" అని చెప్పేయకండి. ఇన్నాళ్ళూ తెరుచుకున్న ఫోను ఒక్కసారిగా తెరుచుకోకపోతే ఆ రాత్రి ఆమె ఒంటి మీద దెబ్బలు పడతాయి. ఆమె ఎప్పుడు బయటికి రాగలదో, ఎక్కడికి పోగలదో తేలిన తర్వాత మార్పించాలి. దానికి ముందు బెదిరింపు సందేశాలు ఉంటే ఫోటోలు తీసి భద్రం చేయాలి. మార్చేటప్పుడు ఆమె ఫోనులో కాకుండా మరొక ఫోనులో మార్చాలి. ఎందుకంటే ఆమె ఫోనులో నిఘా యాప్ పెట్టి ఉంటే కొత్త పాస్‌వర్డు కూడా వాడికి తెలిసిపోతుంది. ముందు కొత్త మెయిలు, కొత్త నంబరు. తర్వాత బ్యాంకు. ఆ తర్వాతే మిగతావి. ఏది ఎప్పుడు చేయాలో నిర్ణయించాల్సింది ఆమే, మనం కాదు. ఆమె ప్రమాదం ఆమెకు తెలిసినట్టు మనకు తెలియదు.

చివరగా మన సంగతి. పరులకు చెప్పేముందు మన తప్పు ఒప్పుకోవాలి. మా సంస్థలో చాలాకాలం ఆఫీసు మెయిలుకు ఒకే పాస్‌వర్డు, సంస్థ పేరూ పక్కన 123. అందరికీ తెలుసు. గోడమీద క్యాలెండరు వెనుక రాసి కూడా ఉండేది. ఒక అబ్బాయి మా దగ్గర కొన్నాళ్ళు టైపు పని చేసి వెళ్ళిపోయాడు. మేం పాస్‌వర్డు మార్చలేదు. కొన్ని నెలల తర్వాత, భర్త నుండి తప్పించుకొని వచ్చిన ఒకామె ఉంటున్న చోటు ఆ భర్తకు తెలిసిపోయింది. వాడు అక్కడికి వచ్చి రచ్చ చేశాడు. ఎట్లా తెలిసిందని తవ్వితే మా మెయిల్లోని ఉత్తరమే. ఆ అబ్బాయి ఆ కుటుంబానికి బంధువు. ఆమెకు పెద్ద ప్రమాదం జరగలేదు, చుట్టుపక్కల ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. కానీ ఆమె మమ్మల్ని ఒక మాట అడిగింది. "నా మొగుడికి చెప్పొద్దని నేను మీకు చెప్పుకుంటే, మీరు గోడకు రాసిపెట్టుకున్నారా అక్కా?" దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ పూటే పాస్‌వర్డులన్నీ మార్చాం. అప్పటి నుండి ఎవరి పాస్‌వర్డు వాళ్ళదే, కేసుల కాగితాలు చూసేవాళ్ళు ఇద్దరే, ఎవరు పని మానినా ఆ రోజే తాళం మారుతుంది.

సంఘాల లీడర్లకు, యానిమేటర్లకు కూడా ఒక మాట. సభ్యుల పిన్నులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకొని మీరే డబ్బు తీసి ఇస్తున్నారని నాకు తెలుసు. మంచి మనసుతోనే చేస్తున్నారు, ముసలమ్మ బ్యాంకు దాకా నడవలేదని చేస్తున్నారు. కానీ రేపు ఏదైనా తేడా వస్తే నింద మీ మీద పడుతుంది. ఆ నింద నిజం కాకపోయినా నిరూపించుకోలేరు. దానికంటే ముఖ్యం, భర్త చేతిలోంచి తీసి లీడరు చేతిలో పెడితే ఆ ముసలమ్మకు ఏం ఒరిగింది? పిన్ను కొట్టడం ఆమెకే నేర్పండి. సంతకం పెట్టడం నేర్పినవాళ్ళం, నాలుగంకెలు నేర్పలేమా? ఒకసారి చేస్తే రాకపోతే నాలుగుసార్లు చేయించండి. కొట్టేటప్పుడు మీరు మొహం అటు తిప్పుకోండి. మీరు మొహం తిప్పుకోవటం చూసి, ఇది నాది అని ఆమెకు తెలుస్తుంది.

ఈ రోజు ఇంటికి వెళ్ళి మూడు పనులు చేయండి. మీ ఖాతాకు ఉన్న ఫోను నంబరు ఎవరిదో కనుక్కోండి. మీ పిన్ను పుట్టినరోజు అయితే మార్చండి. వాట్సాప్‌లో తెలియని పరికరాలున్నాయేమో చూడండి. వచ్చే సంఘం మీటింగులో ఇంకో ఇద్దరి చేత చేయించండి. ఎంతమంది సిమ్ములు వాళ్ళ పేర్ల మీద లేవో లెక్క రాసి మండల సమాఖ్య ముందు పెట్టండి. సిమ్ము మార్పించటానికి, బ్యాంకులో నంబరు మార్పించటానికి అందరూ కలిసి ఒకే రోజు వెళ్ళండి. ఒక్కరు వెళ్తే రేపు రమ్మంటారు. ఇరవైమంది వెళ్తే ఆ రోజే పని అవుతుంది. ఇది మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు.

పొద్దున అరుగు మీద మాట్లాడిన అక్క ఇక్కడే కూర్చొని ఉంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆమె ఫోను తీసుకొని రమ్మన్నాను. ఆమెతోనే మొదలుపెడదాం. నేను మొహం తిప్పుకొని నిలబడతాను.